గుర్రం వెనక కాళ్లు

ఆ పొద్దున మొగులు తేటపడలేదు. రాత్రంతా ఉరిమి ఉరిమి, చుక్క కురవకుండనే తెల్లారింది. తూర్పు దిక్కు బూడిద రంగు, పడమర దిక్కు ఇటుకబట్టీ పొగ రంగు. దబీర్‌పురా టేషన్ రేకుల మీద గద్దలు రెక్కలు ముడుచుకొని కూసున్నయి. వాన వస్తదని వాటికి తెలుసు, ఎప్పుడొస్తదో వాటికీ తెల్వదు. గసుంటి పొద్దున ఎల్లమ్మత్త పిల్లను తోల్కొని మా వాకిట్లకు వచ్చింది.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. మృగశిర కార్తె అప్పుడే దాటింది.

ఎల్లమ్మత్త మా వదినను కన్నతల్లి. వదిన లేదు, మా అన్న మల్లన్న లేడు. వాళ్ల పిల్ల నీలమ్మను ఎల్లమ్మత్తనే సాకింది. భువనగిరి అవుతల ఊర్ల ఒక అర్ర, ఒక బర్రె, ఆ పిల్ల. గంతే ఆమె సంసారం.

లోపలికి రమ్మన్నా రాలేదు. గడపల నిలబడే చెప్పింది.

"చూడు బీరయ్యా. పోరికి ఎనిమిదేండ్లు. మా ఊరి బడి అయిపోవట్టె, పై బడికి మూడు మైళ్లు నడువాలె. ఈడ చదివిస్త, పంపుమని నువ్వు కబురు మీద కబురు పెట్టినవు. తెచ్చిన. బోనాలకు నేను మళ్ల వస్త. అప్పుడు పోరి ఉంటనంటె ఉంటది. నాతోని వస్తనంటె మారుమాట మాట్లాడకుండ పంపాలె. ఏమంటవు?"

"సరే అత్తా."

"నీ సరే నాకెరుకే. నువ్వు సరే అన్నా ఊకున్నా ఒక్కతీరే. రాజమణీ, నువ్వు చెప్పు బిడ్డా."

రాజమణి నా భార్య. మాకు పెండ్లయి చానా ఏండ్లయింది, పిల్లలు కాలేదు. "పిల్ల ఇష్టం పెద్దమ్మా" అన్నది. అనుకుంటనే పిల్ల చేతిల ఉన్న బట్టల సంచిని తీసుకపోయి లోపలి పెట్టె మీద పెట్టింది. ఎల్లమ్మత్త అది చూసింది. చాయ తాగి బస్సుకు పోయింది.

నాకు మాటలు తక్కువ. నా కంటె తక్కువ మాట్లాడే మనిషిని నా ఇంట్ల చూసుడు అదే మొదలు. పిల్ల రాజమణిని రెండో నాటికే చిన్నమ్మా అన్నది. నన్ను మాత్రం ఏమీ పిలువదు. చాయ తెచ్చి నా ముందట పెట్టి, నేను చూసేదాక నిలబడి, చూసినంక పోతది. బడికి పోయి వచ్చి గోడకు ఒరిగి కూసుంటది. నేను ఎదురు గోడకు ఒరిగి కూసుంట.

"ఇదేం ఇల్లమ్మా! రెండు రోళ్ల నడుమ పడ్డట్టున్న" అని రాజమణి నెత్తి కొట్టుకునేది. "ఎవలన్న ఒకలు దగ్గుండ్రి గని!"

మేమిద్దరం ఒకలనొకలం చూసుకునేటోళ్లం. దగ్గు రాలేదు.

గోడ మీద మాకు ఒక క్యాలెండర్ ఉండె. కిరాణం సేటు ఇచ్చింది. నడుమ లక్ష్మీదేవి, చుట్టూ పన్నెండు రాశుల బొమ్మలు. ఒకనాడు నేను డ్యూటీకి పోయేటందుకు సైకిల్ తుడుస్తుంటె, పిల్ల ఆ క్యాలెండర్ ముందట నిలబడి ఒక బొమ్మ మీద వేలు పెట్టి ఉన్నది. ధనుస్సు రాశి. నడుము దాక మనిషి, చేతిల విల్లు. నడుము కిందికెల్లి గుర్రం.

"ఇది మనిషా, గుర్రమా?"

నన్నే అడిగింది. రాజమణి నల్లా కాడ ఉన్నది. ఇంట్ల ఇంకెవలూ లేరు.

"రెండు."

పిల్ల ఇంకొంచెం సేపు చూసింది. "ముందు కాళ్లు మనిషి నడుపుతడు. ఎనక కాళ్లు ఎవలు నడుపుతరు?"

ఆ మాట మనసుల పెట్టుకొనే సైకిలెక్కి కంచన్‌బాగ్ పోయిన. అక్కడి ఫ్యాక్టరీల నేను హెల్పరును. ఇనుప కడ్డీలు మోసుడు, మిషిన్లకు నూనె పెట్టుడు నా పని. ఆనాడు నూనె పెట్టుకుంట ప్రతి మిషిన్‌నూ చూసిన. ఒక చక్రం తిరిగితె దాని కడ్డీ ఇంకోదాన్ని గుంజుతది, అది పోయి ఇంకోదాన్ని నూకుతది. ముందున్నది కదిలితె వెనకున్నది కదులుతది. ఇన్నొద్దులు నూనె పెట్టిన గని, గట్ల చూడలేదు.

సాయంత్రం సైకిల్ దిగంగనే అడిగిన. "నీలా, చేసి చూద్దామా?"

పిల్ల స్టూలెక్కి, మేకు మీదికెల్లి క్యాలెండర్ తీసి నా చేతిల పెట్టింది. ఆ తర్వాత రాజమణి ఏకాదశి ఎప్పుడో చూసుకోవాలన్నా నా సామాన్ల కిందికెల్లి దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

జుమ్మేరాత్ బజార్‌కు పిల్లను సైకిల్ కడ్డీ మీద కూసోపెట్టుకొని పోయిన. పాత సామాను అమ్మే బజారు అది. నేలమీద గోనె పట్టాలు పరిచి తాళాలు, ఫ్యాన్ రెక్కలు, ఒంటి చెప్పులు అన్నీ కుప్పలు పోసి అమ్ముతరు. తలుపు బందులు, ఒక మూడుచక్రాల సైకిల్ చక్రం, గొడుగు కడ్డీలు కొన్న. పిల్ల ప్రతిదాన్నీ తీసి రెండు చేతులతోని ఆడించి చూసి, బిగుసుకపోయింది పక్కకు పెట్టి, ఆడింది నాకు ఇచ్చేది. ఒక్కటి గూడ తప్పు ఇయ్యలేదు.

మేదరోళ్ల కాడ వెదురు తెచ్చిన. వెదురు చీల్చి పొట్ట, వీపు, పిర్రలు కట్టిన. పిల్ల భుజాలకెల్లి పట్టీలతోని వేలాడాలె గని బరువు పిల్ల మీద పడొద్దని, వెనక కాళ్ల నడుమ ఆ చిన్న చక్రం పెట్టిన. తోక వేలాడితె చక్రం కనపడదు. కట్టెతోని రెండు వెనక కాళ్లు చెక్కిన. తొడకాడ ఒక కీలు, మోకాలికాడ తలుపు బందు. ఇనుప చువ్వలు రెండు కావాలె, ఒకటి పిల్ల కుడి కాలికెల్లి గుర్రం కుడి కాలికి, ఒకటి ఎడమ కాలికెల్లి ఎడమ కాలికి. వాటికోసం సైకిల్ షాపు ఇస్సాకు దగ్గరికి పోయిన.

ఇస్సాకు మా గల్లీ మూలమీద ఉంటడు. నోరు ఒక్కనాడు మూసినోడు కాదు. ఆదివారం చర్చిల పాట పాడేటప్పుడు గూడ పక్కోనితోని మాట్లాడతడంటరు.

"ఏందన్నా బీరన్నా! ఫ్యాక్టరీల రాకెట్లు చేసుడు బందు పెట్టి గుర్రాలు చేస్తున్నరా?"

"ఊఁ."

"ఇది గడ్డి తింటదా, పెట్రోల్ తాగుతదా?"

"అన్నం తింటది" అన్నది పిల్ల, సైకిల్ కడ్డీ మీదికెల్లి దిగకుండనే.

ఇస్సాకు నవ్వి నవ్వి, చువ్వలు వంచి, కొసలకు కొండ్లు తిప్పి, జారకుండ పిన్నులు పెట్టి ఇచ్చిండు.

చర్మం సంగతి వచ్చింది. రాజమణి పాత చీర అన్నది. నేను గొంగడి అన్న. మేం కురుమలం, గొర్లు కాసిన ఇంటోళ్లం. వానకాలంల గొంగడిని మించింది లేదని నా నమ్మకం. మనిషి మీద కప్పుకున్న గొంగడి సంగతి నాకు తెలుసు. కట్టెల మీద బిర్రుగ గుంజి కుట్టిన గొంగడి సంగతి తెల్వదు. ఆ తెల్వనిది బోనాలనాడు తెలిసింది. అప్పుడు మాత్రం నల్ల గొంగడి వీపు మీద పరిచి చూస్తె గుర్రం నిగనిగలాడింది. రాజమణి గోనెసంచి సూదితోని కుట్టింది. కుట్టినంతసేపు పిల్ల పొట్ట కింద కూసొని సూదిని లోపలికెల్లి బయటికి నూకింది. ఆమె ఇటు నూకుడు, ఈమె అటు నూకుడు. నేను పని ఉన్నట్టు చేసుకుంట చూసిన.

గుర్రం తయారైంది. పిల్లకు తొడిగి వాకిట్ల నడిపిస్తున్న. కట్టె కాళ్లు కదులుతున్నయి. కిర్రుకిర్రుమని మంచిగనే కదులుతున్నయి. టేషన్ కాడ టాంగా కొట్టే జహంగీర్ భాయ్ ఇంటికి పోతున్నోడు మా తలుపుకాడ ఆగిండు. వాళ్ల నాయన గూడ టాంగానే నడిపిండు. బీడీ నోట్ల పెట్టుకొని, అంటించుడు మరిచిపోయి చూసిండు.

"బీరయ్య భాయ్, యే క్యా హై?"

"గుర్రం."

"గుర్రమా?" వంగి కట్టె కాలు చేతిల పట్టుకున్నడు. "మియా, గుర్రానికి గిట్ట ఒకటే ఉంటది, చీలదు. నువ్వు చెక్కింది బక్రే కా పావ్. మేక కాలు."

చూసిన. గిట్ట నడుమ చక్కగ చీల్చి, చీలిక లోపల నున్నగ గీకి గూడ పెట్టిన. టేషన్ కాడ రోజూ గుర్రాలను చూస్తనే ఉన్న. చేతులు మాత్రం గొర్రెకాలే చెక్కినయి.

"ఇంకోసారి నడువు బేటీ." పిల్ల నడిచింది. జహంగీర్ భాయ్ తల కొట్టుకున్నడు. "అరె అల్లా! కుడి పక్క రెండు కాళ్లు ఒక్కసారి, ఎడమ పక్క రెండు కాళ్లు ఒక్కసారి. ఇట్ల నడిచేది ఎవలు? ఊంట్! ఒంటె! మా టాంగా గుర్రం బిజ్లీ దుల్కీ చూడు, ఎగిరి ఉరికే నడక. కుడి ముందు కాలుతోని ఎడమ ఎనక కాలు, ఎడమ ముందు కాలుతోని కుడి ఎనక కాలు. ఉల్టా పోవాలె." వేళ్లు మడిచి లెక్క చెప్పిండు. "పైన పిల్ల, నడుమ గొర్రె బొచ్చు, కింద మేక గిట్ట, నడిచే చాల్ ఒంటెది. దీంట్ల గుర్రం ఏడున్నది మియా?"

పిల్ల నవ్వింది. గుర్రంల ఉండే నవ్వింది, గుర్రమంతా ఊగింది. మా ఇంటికొచ్చినంక అదే మొదటి నవ్వు. లోపలికెల్లి రాజమణి గరిటె పట్టుకొని బయటికి వచ్చి నిలబడ్డది. జహంగీర్ భాయ్ అది చూసి, ఒంటె లెక్క మెడ చాపి ఇంకో రెండు అడుగులు నడిచి చూపించిండు.

గిట్టల చీలిక లప్పంతోని పూడ్చి నల్లరంగు వేసిన. గిట్టల పని అయింది. నడక ఎట్ల మార్చాలె? కుడి కాలి చువ్వను అవతలి ఎడమ కాలికి కట్టిన. రెండు చువ్వలు పొట్ట కింద ఒకదానికొకటి తట్టుకొని బిగుసుకపోయినయి. పైకొకటి కిందికొకటి పెట్టిన. పిల్ల మోకాలికి కొట్టుకున్నది. నాలుగైదు దినాలు గట్లనే పాయె. బడి విడిచిపెట్టంగనే ఉరికొచ్చి పిల్ల అడిగేది, "అయిందా?" నేను తల అడ్డంగ ఊపేది.

ఒక సాయంత్రం విడిగ పెట్టిన కట్టె కాలుతోని పిల్ల ఆడుకుంటున్నది. తొడ కీలుకాడ మేకు పట్టుకొని, కీలు పైన మిగిలిన కట్టె ముక్కను వేలుతోని ముందుకు గుంజింది. కింద పాదం వెనకకు పోయింది.

"పైన ఇట్ల గుంజితె కింద అట్ల పోతది" అన్నది. "చువ్వ కింద కట్టినవు. పైన కట్టరాదు?"

నడుం మీద చేతులు పెట్టుకొని చూసిన. మా ఊర్ల నీళ్లు తోడే ఏతం గూడ గంతే. ఒక కొస కిందికి తొక్కితె ఇంకో కొస పైకి లేస్తది. చిన్నప్పుడు దాని మీదికెక్కి నడిచినోన్ని, నాకు తట్టలేదు. ఏ పక్క చువ్వ ఆ పక్కనే ఉండనిచ్చి, కీలుకు జానెడు పైన కట్టిన. పిల్ల కుడి కాలు ముందుకు వేస్తె గుర్రం కుడి కాలు వెనకకు పోయింది, ఎడమది ముందుకొచ్చింది. గల్లీ చివరిదాక పోయి వచ్చింది. తెల్లారి జహంగీర్ భాయ్ టాంగా ఆపి చూసి పోయిండు. సాయంత్రం బిజ్లీ తోక వెంట్రుకలు పెద్ద కట్ట తెచ్చి ఇచ్చిండు. "తోక అసలుది ఉండాలె. లేకుంటె పరువు పోతది" అన్నడు. ఎవల పరువో చెప్పలేదు.

చార్మినార్ కాడ లాడ్ బజార్ల మెరుపు పట్టీ కొని కళ్లెం కుట్టింది రాజమణి. గాజులు కొనుక్కుంటనని పోయింది. గాజులు తేలేదు.

బోనాల ఊరేగింపుల పిల్లను నడిపించాలంటె బస్తీ కమిటీ గుండయ్య ఒప్పుకోవాలె. పెద్దమనిషి, మీసాలు పెద్దయి. వాకిట్లకు వచ్చి గుర్రం చుట్టు తిరిగిండు.

"అమ్మవారి ముందట పోతురాజు ఉంటడు, పులివేషం ఉంటది. ఈ సగం గుర్రం ఎవలు? ఏ దేవుడు? అండ్ల ఆడపిల్ల. అడిగినోళ్లకు నేనేం చెప్పాలె?"

రాజమణి క్యాలెండర్ తెచ్చి ఆయన ముక్కు ముందట పెట్టింది. "ధనుస్సు రాశి అన్నా. చూసుకో."

గుండయ్య కండ్లద్దాలు పెట్టుకొని చూసిండు. చానాసేపు చూసిండు. "నాది గదే రాశి" అన్నడు. గొంతు మారింది. "నా రాశి గిట్ల ఉంటదా? నేను ఉత్త విల్లే అనుకున్న." మీసం దువ్వుకున్నడు. "ముందట నడువనీ. పులి ఎనక నడుస్తది."

ఆషాఢం అయిపోవచ్చింది. పిల్ల గుర్రం తోకకు నూనె రాసుడు, బడి, అన్నం, నిద్ర. ఎల్లమ్మత్త మాట ఇంట్ల ఎవలం ఎత్తలేదు. రాజమణి మాత్రం దండెం మీద ఆరేసిన పిల్ల గౌన్లను తీసి మడతపెట్టేటప్పుడు, ఒక్కోదాన్ని అవసరం కంటె ఎక్కువసేపు చేతిల పట్టుకొని కూసునేది.

బోనాల ఆదివారం పొద్దున ఎల్లమ్మత్త దిగింది. గుర్రాన్ని చూసి బుగ్గ మీద వేలు పెట్టుకున్నది.

"ఏమయ్యా బీరయ్యా! చదువు చెప్పిస్తనని తెచ్చుకొని, ఆడపిల్లకు గొంగడి కప్పి గుర్రాన్ని చేసినవా?"

"బడికి గూడ పోతున్నది పెద్దమ్మా" అన్నది రాజమణి.

"గుర్రం బడికా, మనుషుల బడికా?" అని, పిల్లను దగ్గరికి గుంజుకొని తల నిమిరింది. "ఏమే నీలా, చెప్పు. ఉంటవా, నాతోని వస్తవా? రేపు పొద్దుగాల బస్సు."

రాజమణి బోనం కుండకు పసుపు రాస్తున్నది. చెయ్యి కుండ మీదనే ఉండిపోయింది.

"ఊరేగింపు అయినంక చెప్త" అన్నది పిల్ల.

"ఇప్పుడే చెప్పరాదే?"

"ఊరేగింపు అయినంకనే."

పొద్దు మళ్లినంక డప్పులు మొదలైనయి. ఆడోళ్లు బోనాలెత్తుకున్నరు. రాజమణి నెత్తి మీద బోనం, దాని మీద దీపం. వెనకకు తిరగరాదు, మెడ తిప్పరాదు. ముందట పోతురాజు, ఆ వెనక మా గుర్రం. పిల్ల తలకు పట్టీ, చేతిల వెదురు విల్లు. కుడి కాలు, ఎడమ కాలు, బిజ్లీ తోక ఊపు. గల్లీల మనుషులు మేడల మీదికెల్లి వంగి చూసిండ్రు. "అరె దేఖో దేఖో!" అని పిల్లలు వెంట ఉరికిండ్రు. గుండయ్య ప్రతి ఇంటి ముందట నిలబడి, "మన రాశే! మన రాశే!" అని చెప్పుకుంట పోయిండు. నేను గుర్రం పక్కన నడిచిన. ఎల్లమ్మత్త ఇంకో పక్క పాన్ నములుకుంట నడిచింది, డప్పుకు అడుగు కలిసింది.

రైలు పట్టాల పక్కకు వచ్చేసరికి సన్నగ తుంపర పట్టింది. గొంగడి మనిషి మీద ఉంటె మనిషి దులుపుకుంటడు, నీళ్లు జారిపోతయి. బిర్రుగ గుంజి కుట్టిన గొంగడి ఎట్ల దులుపుకుంటది? తాగింది. తాగి తాగి బరువెక్కింది. వెదురు వంగింది. టప్పుమని ఒక చప్పుడు, కుడి తొడ పిన్ను విరిగింది. రెండు అడుగులు పోయినంక ఎడమది విరిగింది. కట్టె కాళ్లు నేల మీద ఈడుచుకుంట వచ్చినయి. చక్రం గుంతల పడ్డది.

"అరె, గుర్రం పండుకున్నది!"

"గుర్రానికి గడ్డి పెట్టుండ్రి!"

పిల్లలు నవ్విండ్రు. వెనక పులివేషపోడు వచ్చి తాకిండు. డప్పోళ్లు ఆగలేదు. రాజమణి వెనకనే ఉన్నది, నెత్తి మీద బోనం, చెయ్యి అందియ్యరాదు. నేను మోకాళ్ల మీద కూసొని విరిగిన పిన్ను చేతిల పెట్టుకున్న. జేబుల ఇంకో పిన్ను లేదు.

నీల విల్లు పట్టుకొనే తల తిప్పింది. నా మొఖం చూసింది. చూసి, నా మీదికెల్లి అవతలికి చూసి గట్టిగ పిలిచింది.

"అమ్మమ్మా!"

నన్ను పిలువలేదు. తెలిసిపోయింది నాకు. ఊరేగింపు అయినంక ఏం చెప్తదో గప్పుడే తెలిసిపోయింది అనుకున్న. రాజమణి దిక్కు చూడలేదు. చూసినా ఆమె తల తిప్పేది కాదు.

ఎల్లమ్మత్త పాన్ ఉమ్మేసింది. నాటు వేసేటప్పుడు చెక్కుకున్నట్టు చీర పైకి చెక్కుకున్నది. గొంగడి అంచు ఎత్తి లోపలికి దూరింది.

"కట్టె కాళ్లు పీకెయ్యి బీరయ్యా!" లోపలికెల్లి అరిచింది. "అడ్డమొస్తున్నయి!"

పీకిన. రెండు కాళ్లూ నా చేతికొచ్చినయి. గుర్రం లేచింది. పొట్ట కింద ఎల్లమ్మత్త కాళ్లు, చీలమండలకు వెండి కడియాలు. నా భుజం మీద కట్టె కాళ్లు.

"వాహ్!" జహంగీర్ భాయ్ టాంగా మీద నిలబడే అరిచిండు. "ఘోడీకి చాందీ కడియాలు!"

నడిచిండ్రు. రెండు అడుగులకే తట్టుకున్నరు. ఎల్లమ్మత్త పిల్ల ఏ కాలేస్తె గదే కాలేస్తున్నది.

"ఉల్టా అమ్మా, ఉల్టా!" జహంగీర్ భాయ్ చేతులు తిప్పిండు. "గుర్రం నడువు! ఒంటె నడువకు!"

"నేను మనిషి లెక్క నడుస్తున్న, నీకేమాయెరా!" అన్నది గుర్రం పిర్ర.

"అమ్మమ్మా, నా కుడి కాలు పోతె నీ ఎడమ కాలు" అన్నది పిల్ల. "కుడి అంట. నువ్వు ఎడమ వెయ్యి."

"కుడి" అన్నది పిల్ల. ముసలామె ఎడమ కాలు వేసింది. "ఎడమ." కుడి కాలు వేసింది. గల్లీ మలుపుకాడికి వచ్చేసరికి పిల్ల చెప్పుడు బందైంది, గుర్రం మాత్రం దుల్కీ పోతున్నది. కడియాలు డప్పులతోని కలిసి మోగినయి. నవ్వినోళ్లే ఇప్పుడు ఈలలు వేసిండ్రు. గుడి దాక గట్లనే పోయిండ్రు. నడుమ నడుమ గొంగడి లోపల ముసలామె గొంతు వినపడ్డది, పిల్ల గొంతు వినపడ్డది. డప్పులల్ల ఒక్క మాట గూడ నాకు అందలేదు. పక్కనే నడిచిన, నా భుజం మీది కట్టె కాళ్లు నడిచినకొద్ది ఒకదానికొకటి తగిలినయి.

ఇంటికొచ్చేసరికి చీకటి పడ్డది. ఎల్లమ్మత్త గుర్రంల నుంచి బయటికొచ్చింది. తలంతా నల్ల ఉన్ని పోగులు. నడుము పట్టుకొని గోడకు ఒరిగి కూసున్నది. రాజమణి వేడినీళ్లు పోసి ఆమె కాళ్లు కడిగింది. పిల్ల ఆమె వెంట్రుకలల్ల ఉన్ని పోగులు ఏరుకుంట కూసున్నది.

"పొద్దుగాల మొదటి బస్సుకు పోత" అన్నది ఎల్లమ్మత్త.

రాజమణి చేతిల చెంబు ఆగింది.

"నేనొక్కదాన్నే. బర్రెను ఎవలకన్న ఇచ్చి, అర్రకు తాళమేసి మళ్ల వస్త." కాళ్లు తుడుచుకున్నది. "పోరి గొంగట్ల ఒకటే పట్టు. 'నేను ఈడనే ఉంట, నువ్వు గూడ ఉండు' అంటది. బోనం ముందట నడుచుకుంట అడిగితె కాదంటమా? గుర్రంలకెల్లి ఏడికి తప్పించుకపోవాలె నేను?" నా దిక్కు తిరిగింది. "ఏమయ్యా? ఇంకో ముసలిదాన్ని సాకుతవా? సరే అనకు. నోరు తెరిచి మాట చెప్పు."

రాజమణి నన్నే చూస్తున్నది. పిల్ల ఉన్ని పోగు వేలికి చుట్టుకొని నన్నే చూస్తున్నది.

"వాకిట్ల ఆ మూలకు పందిరి ఉన్నది గద అత్తా" అన్న. "దాని మీద రేకులు వేస్త. మూడు దిక్కులు గోడ పెడత. పడమర కిటికీ పెడత, గాలి ఆ దిక్కుకెల్లే వస్తది. వాకిట్ల తులసికి ఎండ తగులుతది. నీకు చలికి గొంగడి..." ఆగిన. "గొంగడి ఇంకోటి తెస్త."

"అమ్మో!" అన్నది ఎల్లమ్మత్త. "గిన్ని మాటలు ఎన్నడు నేర్చిండు ఈయన?"

రాజమణి లోపలికి పోయి బోనం అన్నం, మాంసం కూర తెచ్చి నడుమ పెట్టింది. ఎల్లమ్మత్త పళ్లెంల ముక్కలు వేసింది, పిల్ల పళ్లెంల వేసింది, మళ్ల ఎల్లమ్మత్త పళ్లెంల వేసింది. చాలు అనే మాట ఎవలూ అనలేదు. ఆమె గూడ వేసుడు ఆపలేదు.

మా ఇంట్ల పళ్లేలు మూడే. కూర గిన్నె మూత తీసి, తిప్పి పట్టుకొని, దాంట్ల అన్నం పెట్టుకొని కూసున్న. నలుగురం తిన్నం. కొంచెం సేపటికి పిల్ల తన పళ్లెంలకెల్లి మూలుగ బొక్క తీసి నా మూతల పెట్టింది. నా దిక్కు చూడలేదు. మళ్ల తలొంచుకొని తినుడు మొదలుపెట్టింది. నేను ఆ బొక్క తీసుకొని చప్పుడు చేయకుండ పీల్చిన.